1క్యూ84 చదివేను: తలుపు చప్పుడుకి ఉలిక్కిపడేలా చేసిన నవల

జపాన్ రచయిత హారుకి మురకామి రాసిన 1క్యూ84 మూడు భాగాలూ వరసపెట్టి చదివీసేను. రేటింగ్ ముందే చెప్పీస్తున్నాను, ఐదుకి నాలుగు. మొదటి రెండు భాగాల వరకే అయితే ఐదుకి ఐదూ ఇచ్చీవాడిని. దీన్ని డిస్టోపియా (భయపెట్టే లోకం కథ) అంటారు, మర్డర్ మిస్టరీ అంటారు, లవ్ స్టోరీ అంటారు, ఫాంటసీ అంటారు, అన్నీ కరెక్టే, కానీ పుస్తకం మూసేసాక నాకు మిగిలింది మాత్రం ఒక తలుపు కొట్టే చప్పుడు. దాని దగ్గరికి వస్తాను గానీ ముందు కథ ఏటో చెప్తాను, సస్పెన్స్ పాడుచెయ్యను.

కథ జరిగేది 1984లో, ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా, టోక్యోలో. మన పెద్దవాళ్ళకి 1984 అంటే ఆగస్టులో ఎన్టీఆర్ ని దింపీడం, సెప్టెంబర్లో మళ్ళీ కుర్చీ ఎక్కడం, అక్టోబర్లో ఇందిరాగాంధీ హత్య, డిసెంబర్లో భోపాల్. ఆ ఏడాది గురించి ఇంట్లో వాళ్ళు చెప్తుంటే వినండి, మనకి తెలిసిన లోకమేనా ఇది అనిపిస్తుంది. ఈ నవల్లో అవోమామె అనే అమ్మాయికి సరిగ్గా ఆ అనుమానమే వస్తుంది. ముప్ఫైకి దగ్గర పడ్డ మనిషి, జిమ్ లో ట్రైనర్. ఎక్స్‌ప్రెస్ వే మీద టాక్సీ ట్రాఫిక్ లో ఇరుక్కుపోతే పని ఆలస్యమైపోతోందని డ్రైవర్ చెప్పిన ఎమర్జెన్సీ మెట్లు పట్టుకుని కిందకి దిగిపోతుంది, వెళ్ళి ఆ పని పూర్తి చేసుకుంటుంది (ఆ పని ఏటో మీరే చదవండి, నాకు మాత్రం మొదటి చాప్టర్లలోనే గుండె దడదడలాడింది). ఆ మెట్లు దిగిన దగ్గర్నుంచి చిన్న చిన్న తేడాలు కనపడ్డం మొదలవుతాయి. పోలీసుల యూనిఫాం మారింది, నడుముకి ఉన్న పిస్టల్ మారింది. రోజూ పేపర్ అక్షరం వదలకుండా చదివే మనిషి, మరి ఇది నాకెలా తెలీలేదు అని లైబ్రరీకి వెళ్ళి పాత పేపర్లన్నీ తిరగేస్తుంది. ఆకాశంలో చూస్తే రెండు చందమామలు, ఒకటి మామూలుదే, పక్కన ఇంకోటి చిన్నది, వంకరగా, పాచి పట్టినట్టు పచ్చగా. ఇది నా 1984 కాదు అని ఆవిడ ఆ లోకానికి పెట్టుకున్న పేరే 1క్యూ84, క్యూ అంటే క్వశ్చన్ మార్క్.

రెండో వైపు టెంగో. కోచింగ్ సెంటర్లో లెక్కల మాస్టారు, రాత్రిళ్ళు నవల రాసుకుంటూ ఉంటాడు. ఒక ఎడిటర్ వచ్చి పదిహేడేళ్ళ అమ్మాయి పేరు మీద పోటీకి వచ్చిన చిన్న నవలని ఎవరికీ తెలీకుండా తిరగరాసి పెట్టమంటాడు. ఆ అమ్మాయి పేరు ఫుకాఎరి, తను చిన్నప్పుడు పెరిగిన కమ్యూన్ నుంచి పారిపోయి వచ్చింది. ఆ నవల్లో ఉన్నది కల్పన అనుకుని టెంగో ఒప్పుకుంటాడు, తీరా చూస్తే అందులో ఉన్నదంతా ఒక్కొక్కటీ బయట నిజంగా కనపడ్డం మొదలవుతుంది. మొదటి రెండు భాగాల్లో ఒక చాప్టర్ ఆవిడది, ఒక చాప్టర్ ఇతనిది, భాగానికి 24 చొప్పున, ఎక్కడా క్రమం తప్పదు. ఈ ఇద్దరికీ సంబంధం ఏటి అన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద మిస్టరీ అనిపించింది, హత్యలు కూడా దాని తర్వాతే.

ఇక ఆ తలుపు సంగతి. టెంగో వాళ్ళ నాన్న ఎన్‌హెచ్‌కే అంటే జపాన్ పబ్లిక్ టీవీ సంస్థకి ఇంటింటికీ తిరిగి ఫీజు వసూలు చేసే మనిషి. ఆదివారం వస్తే కొడుకుని వెంటేసుకుని వెళ్తాడు, పక్కన పసివాడుంటే ఎవరూ లేదు పొమ్మనలేరని. అవోమామె వాళ్ళమ్మ ఒక మతశాఖ ప్రచారానికి కూతురిని అలాగే ఆదివారాలు గుమ్మం గుమ్మానికీ తిప్పుతుంది. ఇద్దరూ ఒకే క్లాసు, ఒకే ఊరు, ఆ వీధుల్లో ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడి సిగ్గుతో తల తిప్పుకుని వెళ్ళిపోతారు. పదేళ్ళ వయసులో ఒకరోజు ఖాళీ క్లాసురూములో ఆ అమ్మాయి వచ్చి వీడి చెయ్యి గట్టిగా పట్టుకుని ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోతుంది. అంతే. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఇద్దరూ ఆ చేతి దగ్గరే ఆగిపోయి ఉంటారు. ఇంత పెద్ద నవలని ఆ ఒక్క నిమిషం మోస్తుంది అంటే నమ్మరు గానీ మోస్తుంది, ఎందుకంటే ఆ పిల్లలిద్దరి ఆదివారాలు ఎలా గడిచేయో మురకామి మనకి అంత వివరంగా చూపించేడు కాబట్టి.

మూడో భాగంలో వసూలు మనిషి ఒకడు మళ్ళీ వస్తాడు. ఎవరికీ తెలీకుండా ఫ్లాట్ లో దాక్కున్న వాళ్ళ తలుపు కొడతాడు, కొట్టి ఊరుకోడు, లోపల ఉన్నారని నాకు తెలుసు, ఎన్నాళ్ళు దాక్కుంటారు అని చుట్టుపక్కల అందరికీ వినపడేలా గొంతు పెంచుతాడు, మర్యాదగానే మాట్లాడుతూ పరువు తీస్తాడు. వారం వడ్డీ వాయిదా కట్టలేని ఇంటి ముందు వసూలుకి వచ్చినవాళ్ళు నిలబడి వీధంతా వినపడేలా మాట్లాడ్డం మనవైపు చూడని వాళ్ళు తక్కువ, ఆ టైమ్ లో లోపల ఇంటివాళ్ళు ఫ్యాన్ కూడా ఆపీసి ఊపిరి బిగబట్టి కూచుంటారు. ఆ భయం నాకు ఈ చాప్టర్లలో కనపడింది. డిస్టోపియా అంటే పై నుంచి ఒక పెద్ద ప్రభుత్వం కెమెరాతో చూస్తూ ఉంటుంది అనుకుంటాం కదా, జార్జ్ ఆర్వెల్ నవల 1984 అలాగే ఉంటుంది, అందులో అలా చూసేవాడి పేరు పెద్దన్న (బిగ్ బ్రదర్). ఇక్కడ పెద్దన్న లేడు, లిటిల్ పీపుల్ అని చిన్న చిన్న మనుషులు ఉన్నారు, చచ్చిన మేక నోట్లోంచి వస్తారు, వాళ్ళు మంచో చెడో కూడా ఎవరికీ తెలీదు. వాళ్ళ కన్నా ఆ ఫీజు మనిషే నన్ను ఎక్కువ భయపెట్టేడు, ఫాంటసీ భాగాలు పనిచెయ్యడానికి కారణం కూడా అదే అనుకుంటాను, పక్కన ఇంత మామూలు భయం ఉండబట్టి మేక సంగతి కూడా నమ్మీస్తాం.

సకిగాకె అనే సంస్థ ఇంకో సంగతి. విద్యార్థి ఉద్యమంలోంచి వచ్చిన ఒక ప్రొఫెసరు కొందరిని తీసుకుని యమనాషి కొండల్లో వ్యవసాయ కమ్యూన్ పెడతాడు, అది రెండుగా చీలుతుంది, ఆయుధాలు పట్టినవాళ్ళు ఒక సరస్సు దగ్గర పోలీసులతో కాల్పుల్లో పోతారు, శాంతంగా సాగు చేసుకుంటాం అన్నవాళ్ళు మిగుల్తారు. 1960ల చివర మన కొండల్లో గిరిజన సాయుధ పోరాటం ఎలా నడిచిందో ఇళ్ళల్లో విని పెరిగిన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి ఈ చీలిక కథ చదవడానికి ప్రత్యేకంగా ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ శాంతంగా మిగిలినవాళ్ళే చుట్టూ గోడ కట్టుకుని మతసంస్థ అయిపోతారు, అసలు భయం అక్కడ మొదలవుతుంది. మురకామి 1995 మార్చి 20న టోక్యో సబ్‌వేలో ఓమ్ షిన్రిక్యో అనే మతసంస్థ వాళ్ళు వదిలిన సారిన్ గ్యాస్ బాధితులతో మాట్లాడి పుస్తకం వేసినాయన, అందుకే సకిగాకె లోపలి మనుషుల్ని రాక్షసుల్లా రాయలేదు. ఆ సంస్థ లీడర్ కీ అవోమామెకీ మధ్య ఉరుముల రాత్రి హోటల్ రూములో నడిచే సంభాషణ రెండో భాగంలో ఉంది, పుస్తకం మొత్తంలో నేను మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివింది అదొక్కటే.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఫుకాఎరికి డిస్లెక్సియా, అచ్చు చదవలేదు, అందుకని విన్నది గుర్తుపెట్టుకుంటుంది. టెంగో అడిగితే హెయికె కథ అనే పాత జపాన్ యుద్ధగాథ అందుకుంటుంది, 1185లో దన్నోఉర సముద్ర యుద్ధంలో హెయికె వంశం ఓడిపోయినప్పుడు చిన్నపిల్లాడైన చక్రవర్తిని అమ్మమ్మ ఎత్తుకుని నీళ్ళల్లోకి దూకే ఘట్టం. బొబ్బిలి యుద్ధం బుర్రకథ విన్నవాళ్ళకి ఆ రెండు పేజీలూ వేరేగా వినపడతాయి. కోట పడిపోతోందని తెలిసాక లోపల ఆడవాళ్ళ సంగతీ పిల్లల సంగతీ వచ్చే చోట కథకుడి గొంతు ఎలా మారుతుందో మనకి తెలుసు కదా, ఆ అమ్మాయి గొంతు కూడా నాకు అలాగే వినపడింది.

ఇప్పుడు నచ్చనివి. మేము చాసో ఊరివాళ్ళం, నాలుగు పేజీల్లో మనిషిని కుదిపీసే కథలు చదివి పెరిగేము, ఇక్కడ చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పడం చూస్తే ఎడిటర్ ఏం చేసేడు అనిపిస్తుంది. అమెరికా ఎడిషన్ 925 పేజీలు, అందులో రెండు వందలు సులువుగా తీసీవచ్చు. ఆడవాళ్ళ శరీరాల వర్ణన అనవసరంగా వస్తూనే ఉంటుంది, ఫుకాఎరితో టెంగోకి పెట్టిన ఒక సీన్ ని కథ కోసం అని ఎంత సర్దిచెప్పుకున్నా నేను ఒప్పుకోలేను, పదిహేడేళ్ళ పిల్ల ఆవిడ. జపాన్లో మొదటి రెండు భాగాలు 2009లో ఒకేసారి వచ్చేయి, మూడోది మరుసటి ఏడాది వచ్చింది, ఆ అతుకు చదువుతుంటే తెలుస్తుంది. మూడో భాగంలో అవోమామె ఫ్లాట్ లో కూచుంటుంది, టెంగో ఆసుపత్రిలో నాన్న పక్కన కూచుంటాడు, ఇద్దరి కోసం వెతికే ఉషికావా కెమెరా పట్టుకుని కిటికీ దగ్గర కూచుంటాడు. ముగ్గురూ కూచునే ఉంటారు, చదివే మనం కూడా. మా చెల్లికి మాత్రం ఆ ఉషికావా చాప్టర్లే బాగా నచ్చేయి, ఎవరికీ అక్కర్లేని మనిషిని అంత దగ్గరగా రాయడం ఇంకెక్కడా చూళ్ళేదంటుంది, ఆ పాయింట్ నేనూ కాదనను. లిటిల్ పీపుల్ ఎవరు, వాళ్ళకి ఏం కావాలి అన్నదానికి చివరిదాకా జవాబు రాదు. డిటెక్టివ్ నవల్లా అన్ని ముళ్ళూ విప్పాలి అనుకునేవాళ్ళకి కోపం రావడం ఖాయం. నాకైతే రాలేదు, ఆ ఇద్దరూ కలుస్తారా లేదా అన్నది తేలిందా లేదా అనే చూసేను, అది ఆయన దాటవెయ్యలేదు.

ఇంగ్లిష్ నవలలు అలవాటు లేనివాళ్ళు భయపడక్కర్లేదు. జే రూబిన్ మొదటి రెండు భాగాలు, ఫిలిప్ గేబ్రియల్ మూడోది అనువాదం చేసేరు, వాక్యాలు చిన్నవి, డిక్షనరీ అవసరం పెద్దగా రాదు. మూడు భాగాలూ కలిపి వేసిన లావు పుస్తకం మాత్రం ఇంట్లో చదువుకోవడానికే, పలాస ప్యాసింజర్లో చీపురుపల్లి దాకా నిలబడి ఒక చేత్తో పట్టుకుని చదవడం నా వల్ల కాలేదు, రోజూ రైల్లో తిరిగేవాళ్ళు కిండిల్లో తీసుకోండి, లేదా విడి భాగాలు దొరికితే అవి తీసుకోండి. భార్యల్ని కొట్టే మొగుళ్ళ గురించి, చిన్నపిల్లల మీద జరిగే అత్యాచారం గురించి ఇందులో ఉంది, వివరంగా కాకపోయినా ఉంది, అలాంటివి పడనివాళ్ళు ఆ సంగతి తెలుసుకునే మొదలెట్టండి. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలకి మాత్రం ఇప్పుడప్పుడే ఇవ్వకండి.