డౌరో నది మీద క్రూజ్: ఏ క్యాబిన్, ఏ నెల, ఎక్కడ దిగాలి, ఎక్కడ ఓడ వదలకూడదు

పోర్చుగల్‌లోని డౌరో నది మీద క్రూజ్ బుక్ చేసుకోబోయేవాళ్ళు అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది, ఈ నదిలో రాత్రిపూట ఓడలు నడవవని. రైన్, డాన్యూబ్ నదుల మీద మనం నిద్రపోతుండగానే ఓడ ఊరు మారుస్తుంది. ఇక్కడ చీకటి పడేసరికి రేవుకి కట్టేస్తారు. ఇంజను మోత లేకుండా హాయిగా నిద్ర పడుతుంది, ప్రయాణమంతా పగటి వెలుగులోనే సాగుతుంది. ఇబ్బందల్లా ఆ పగటి గంటలకే ఊళ్ళు చూపించే బస్సు టూర్లు కూడా పోటీకి రావడం. చాలా టూర్లలో బస్సు మిమ్మల్ని ఒక రేవులో ఎక్కించుకుని మరో రేవులో దింపుతుంది. మధ్యలో ఓడ మీరు లేకుండానే నడిచిపోతుంది. కాబట్టి ప్రతి టూర్‌కీ పేరు ఇచ్చేముందు రిసెప్షన్‌లో ఒక్క ప్రశ్న అడగండి: "ఆ సమయంలో ఓడ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుంది?" జవాబు పిన్యావ్ అనే రేవు ఊరికి ఎగువనున్న భాగమైతే, టూర్ ఎంత గొప్పదైనా వదులుకోండి.

స్పెయిన్‌లో పుట్టి దాదాపు 900 కిలోమీటర్లు పారే ఈ నదిలో క్రూజ్ ఓడలు తిరిగేది చివరి 210 కిలోమీటర్లలో, పోర్టో నుంచి స్పెయిన్ సరిహద్దులోని బార్కా దాల్వా వరకు. ఒకప్పుడు ఇది రాళ్ళూ సుడులూ నిండిన నది. ఇప్పుడు అయిదు ఆనకట్టలు దీన్ని అయిదు చెరువుల్లా నిలబెట్టాయి. కింది నుంచి వరసగా క్రెస్తుమా, కారపతేలు, రెగ్వా దగ్గరి బగౌస్త్, వలైరా, పొసిన్యు. ప్రతి ఆనకట్టకీ ఓడల కోసం లాకు ఉంది. గోదావరి కాలువల మీద లాకులు చూసినవాళ్ళకి పద్ధతి తెలిసిందే: ఓడ లోపలికి రాగానే వెనక తలుపు మూసి నీళ్ళు నింపుతారు, ఓడ పైకి లేచాక ముందు తలుపు తీస్తారు. తేడా అంతా ఎత్తులోనే. కారపతేలు లాకు ఒక్కటే ఓడని 35 మీటర్లు పైకి లేపుతుంది. యూరప్‌లోకెల్లా ఎత్తయిన లాకుల్లో అదొకటి. చీకటి బావిలో దిగినట్టు తడిగోడల మధ్య నిలబడి, పావుగంట ఇరవై నిమిషాల్లో వెలుగులోకి తేలడం చూడాలంటే డెక్ ముందు భాగానికి కాస్త ముందే చేరండి. లాకు వెడల్పు 12.1 మీటర్లు, ఓడ వెడల్పు 11.4. అటూ ఇటూ జానెడున్నర. చెయ్యి బయట పెట్టకూడదని సిబ్బంది పదేపదే చెప్పేది ఇందుకే.

ఈ లాకుల కొలతల వల్లే డౌరో ఓడలు పొడవులో 80 మీటర్లు దాటవు. ప్రయాణికులు వంద నుంచి నూట ముప్ఫై మంది ఉంటారు. వైకింగ్, ఆమావాటర్‌వేస్, యూనివరల్డ్, సీనిక్, క్రోయిజీయూరప్ వంటి సంస్థలు ఎవరి పేరుతో నడిపినా ఓడ కొలత దాదాపు ఒకటే. కాబట్టి ధరలో తేడా ఎక్కువగా భోజనం, మద్యం, టూర్లు, టిప్పులు కలిపారా లేదా అన్నదాని మీదే తేలుతుంది. రెండు ప్యాకేజీలు పోల్చేటప్పుడు ఈ నాలుగూ కాగితం మీద రాసి కూడుకోండి. పైకి చవగ్గా కనిపించినది చివరికి అలా ఉండకపోవచ్చు.

క్యాబిన్ సంగతి. కింది అంతస్తు క్యాబిన్ల కిటికీలు నీటిమట్టానికి కాస్త పైన చిన్నగా ఉంటాయి, తెరుచుకోవు. డౌరో అందమంతా కొండల ఎత్తులో ఉంది కాబట్టి ఆ కిటికీలోంచి ఒడ్డు రాళ్ళు తప్ప పెద్దగా కనపడదు. అయినా పగలంతా పైడెక్ మీదే గడిపేవాళ్ళకి ఆ క్యాబిన్ తీసుకోవడంలో నష్టం లేదు, మిగిలిన డబ్బుతో పోర్టోలో రెండు రాత్రులు ఉండొచ్చు. మధ్య అంతస్తులో ఓడ నడుమ ఉన్నది మంచి ఎంపిక. వెనక చివరి క్యాబిన్లకి ఇంజను అదురు తెలుస్తుంది. బాల్కనీకి ఎక్కువ డబ్బు పెట్టేముందు ఒక విషయం గుర్తుంచుకోండి. రేవుల్లో చోటు తక్కువ కాబట్టి రెండు మూడు ఓడలని పక్కపక్కనే కట్టేస్తారు. అప్పుడు మీ బాల్కనీ ఎదుట పక్క ఓడ వాళ్ళ బాల్కనీ ఉంటుంది, కర్టెన్ వేసుకోక తప్పదు. పైడెక్ కూడా ఎప్పుడూ తెరిచి ఉండదు. తక్కువ ఎత్తు వంతెనలూ లాకుల దగ్గర నీడ పందిళ్ళు మడిచేస్తారు, అందరినీ కూర్చోమంటారు, కొన్నిచోట్ల కిందికి పంపేస్తారు.

పోర్టో నుంచి రెగ్వా వరకు సుమారు వంద కిలోమీటర్లకి రమారమి ఏడు గంటలు పడుతుంది. మొదటి సగం పచ్చని అడవి, ఒడ్డున ఇళ్ళు. బాగుంటుంది, కానీ ద్రాక్షతోటలు ఇంకా మొదలవ్వవు. రెగ్వా దగ్గరపడేకొద్దీ కొండలు మెట్లు మెట్లుగా మారతాయి. 1756లో పోర్చుగల్ మంత్రి పొంబాల్ మార్క్విస్ హద్దురాళ్ళు పాతించి "ఈ హద్దు లోపల పండిందే పోర్ట్ వైన్" అని నిర్ణయించిన ప్రాంతం ఇదే. 2001లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇక్కడ మట్టి అనదగ్గది తక్కువ. పొరలు పొరలుగా విడిపోయే పలకరాయిని పగలగొట్టి, ఆ రాళ్ళతోనే గోడలు కట్టి, వాటి వెనక తీగలు నాటారు. రాతిపొరలు నిలువుగా చీలి ఉండడం వల్ల వేళ్ళు లోతుకి దిగి తడి వెతుక్కుంటాయి. పగలు వేడెక్కిన రాయి రాత్రి ఆ వేడిని కాయలకి తిరిగిస్తుంది. గోడలు పడిపోయి తుప్పలు మొలిచిన మెట్లు అక్కడక్కడా కనిపిస్తే, అవి 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా పురుగు వేళ్ళు తినేశాక మళ్ళీ నాటకుండా వదిలేసిన తోటలు.

అసలైన డౌరో పిన్యావ్ దాటాకే. అక్కడి నుంచి బార్కా దాల్వా వరకు దాదాపు 80 కిలోమీటర్లలో ఊళ్ళు పలచబడతాయి, చాలా దూరం నది పక్కన రోడ్డే లేదు. వలైరా దగ్గర రెండు వైపులా నల్లరాతి గోడలు దగ్గరకొస్తాయి. 18వ శతాబ్దం చివర్లో ఇక్కడి బండని పేల్చి తొలగించేదాకా పడవలు దీన్ని దాటి ఎగువకి రాలేకపోయేవి. బండ పోయాక కూడా ఇక్కడి సుడి మనుషుల్ని మింగింది. డౌరో నదికి వివరమైన పటం గీసిన జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్ 1861లో ఇక్కడే పడవ తిరగబడి చనిపోయాడు. అదే పడవలో ఉన్న ద్రాక్షతోటల యజమాని దోనా అంతోనియా ఫెరైరా తన పెద్ద గౌను నీటిమీద తేల్చడం వల్ల బతికిందని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. దాటాక వెజువియు తోట తెల్లభవనం, తర్వాత ఎండిన కొండలు, బాదం, ఆలివ్ చెట్లు, ఆకాశంలో రాబందులు. ఈ ఒక్కరోజు ఓడ దిగకండి. పొద్దుటే టోపీ, నీళ్ళు పట్టుకుని ముందు డెక్‌లో కుర్చీ చూసుకోండి.

ఇక దిగాల్సిన చోట్లు. బార్కా దాల్వా నుంచి స్పెయిన్‌లోని సలమాంకాకి బస్సులో రెండేసి గంటలు వెళ్ళాలి, రావాలి. ఆ రోజు ఓడ సాధారణంగా కదలదు కాబట్టి నది పోగొట్టుకునేది లేదు. 1218 నాటి విశ్వవిద్యాలయం, బంగారురంగు రాతి చౌరస్తా చూడదగ్గవే. స్పెయిన్ గడియారం పోర్చుగల్ కన్నా గంట ముందు నడుస్తుంది, బస్సు టైము ఏ దేశం లెక్కలో చెప్పారో కనుక్కోండి. అంత దూరం కూర్చోలేనివాళ్ళకి కష్తేలు రొద్రీగు అనే కొండమీది కోట ఊరు చాలు. చరిత్ర మీద ఇష్టం ఉంటే అన్నిటికన్నా ముందు కోవా లోయకి ఓటు వేయాలి: ఇరవై వేల ఏళ్ళకి పూర్వం నుంచి మనుషులు ఆరుబయట రాళ్ళ మీద చెక్కిన గుర్రాలు, అడవి ఎద్దులు. ఆనకట్ట కట్టి ముంచబోతే 1990లలో ప్రజలు అడ్డుకుని ఆపించారు, 1998లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కానీ ఓడల టూర్లు సాధారణంగా అక్కడి మ్యూజియం వరకే తీసుకెళ్తాయి అనుకోండి. అసలు రాళ్ళ దగ్గరికి జీపుల్లో కొద్దిమందినే పంపుతారు, ముందే బుక్ చేసుకోవాలి.

లమేగు ఊళ్ళో కొండమీది గుడికి 686 మెట్లు. బస్సు పైనే దింపమని అడిగి మెట్లు దిగుతూ రండి, నీలి పలకల బొమ్మలు అలా నిదానంగా చూడొచ్చు. మతేవుష్ భవనం తోట చక్కగా ఉంటుంది, కానీ పోర్టోలో బరోక్ కట్టడాలు చూసేశాక అది రెండో చోటు. పిన్యావ్‌లో టూరే అక్కర్లేదు. 1937లో అమర్చిన పలకలతో కోత పనులన్నీ చూపించే రైల్వే స్టేషన్, నడిచి వెళ్ళగలిగే బొంఫిం తోట రెండూ రేవుకి దగ్గరే. సాయంత్రం ఒక టాక్సీ మాట్లాడుకుని కజాల్ ద్ లొయ్‌వుష్ వ్యూపాయింట్‌కి వెళ్తే నది వంపు మొత్తం కాళ్ళకింద పరుచుకుని కనిపిస్తుంది. ఈ కొండ రోడ్లన్నీ మెలికలే. బస్సులో కడుపులో తిప్పేవాళ్ళు ముందు సీట్లో కూర్చుని, మాత్ర అరగంట ముందే వేసుకోవాలి.

వైన్ గురించి కొంత తెలిసి వెళ్తే రుచి చూడడం తేలిక. పోర్ట్ చెయ్యడానికి ద్రాక్ష రసాన్ని రెండు మూడు రోజులే పులియనిచ్చి, తీపి సగం మిగిలి ఉండగానే 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారాయి కలుపుతారు. పులియడం అక్కడితో ఆగిపోతుంది. తీపి మిగులుతుంది, ఆల్కహాల్ 19 నుంచి 22 శాతం మధ్య నిలుస్తుంది. మామూలు వైన్ అనుకుని అదే మోతాదులో తాగితే మెట్లు దిగడం కష్టం. లోయ ఎండకి వైన్ త్వరగా ముదిరిపోతుందని, సముద్రపు చల్లగాలి తగిలే గాయాలో, అంటే పోర్టోకి ఎదురొడ్డున, నిల్వ చేయడం ఆనవాయితీ. 1960ల దాకా రబేలు అనే చదునడుగు పడవల మీద 550 లీటర్ల పీపాల్లో దించేవారు. మన పీపా పోర్చుగీసు వాళ్ళ "పీపా" నుంచి వచ్చిందే. ఓడలో పనిచేసేవాళ్ళ మాటల్లో తువాలు, బాల్చీ, అల్మారా కూడా వినపడతాయి, చెవి పెట్టండి.

టానీ రకం పీపాలో ఏళ్ళ తరబడి ఉండి గోధుమరంగుకి తిరుగుతుంది. సీసా తెరిచాక వారాలపాటు నిలుస్తుంది కాబట్టి ఇంటికి కొనుక్కెళ్ళేవాళ్ళకి పది లేదా ఇరవై ఏళ్ళ టానీయే మంచిది. వింటేజ్ రకం రెండు మూడేళ్ళు మాత్రమే పీపాలో ఉండి సీసాలో ముదురుతుంది, తెరిస్తే కొద్దిరోజుల్లో తాగెయ్యాలి. మన దేశంలోకి మనిషికి 2 లీటర్ల మద్యం వరకే సుంకం లేదు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, మూడోదానికి సుంకం కట్టాలి. దుబాయ్ వంటిచోట విమానం మారాల్సి ఉంటే చెకిన్ సూట్‌కేసులోనే బట్టల మధ్య పెట్టండి.

నెలల లెక్కలో మే, జూన్ మొదటి సగం, సెప్టెంబరు బాగుంటాయి. జూలై, ఆగస్టుల్లో ఎగువ లోయలో 40 డిగ్రీలు దాటడం మామూలే. "తొమ్మిది నెలలు చలికాలం, మూడు నెలలు నరకం" అని అక్కడి సామెత. రెంటచింతల ఎండ చూసినవాళ్ళకి భయం లేకపోయినా, నీడలేని తోటలో మధ్యాహ్నం టూర్ మాత్రం వద్దు. కోత సెప్టెంబరులో మొదలవుతుంది, ఏ వారం అన్నది ఆ ఏటి ఎండని బట్టి. ఆనకట్టలు నీటిమట్టం నిలబెడతాయి కాబట్టి రైన్ నదిలోలా నీళ్ళు తగ్గి ఓడలు ఆగడం ఇక్కడ ఉండదు. భయమంతా ఎక్కువ నీళ్ళతోనే. చలికాలం, వసంతం మొదట్లో పెద్ద వానలు పడి గేట్లెత్తితే ఓడలు ఆపేస్తారు, మిమ్మల్ని బస్సుల్లో తిప్పుతారు. మార్చి బుకింగ్ చవగ్గా రావడానికి అదో కారణం.

శాకాహారులు బుకింగ్ అప్పుడే రాసి ఇవ్వాలి, ఎక్కిన మొదటి సాయంత్రమే భోజనశాల పెద్దకి మళ్ళీ చెప్పాలి. సరుకులు చాలావరకు పోర్టోలోనే ఎక్కిస్తారు, ఎగువకి పోయాక అడిగితే వండడానికి ఏమీ ఉండదు. బయట తినేటప్పుడు "సేం కార్న్, సేం పైష్" (మాంసం వద్దు, చేప వద్దు) అనండి. కాల్దు వెర్ద్ అనే ఆకుకూర సూప్ చూడ్డానికి శాకాహారమే, అందులో పందిమాంసం సాసేజ్ ముక్క వేయడం అలవాటు. లమేగు బోలా అనేది మాంసం పొదిగిన రొట్టె. ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్ళొచ్చు కానీ నెయ్యి, పాలకోవా వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తేవడం యూరోపియన్ యూనియన్ నిషేధించింది.

ఏడు రాత్రుల ఓడకి డబ్బు లేదా సెలవు చాలకపోతే బాధపడనక్కర్లేదు. పోర్టో నుంచి పొసిన్యు వరకు వెళ్ళే రైలు, సగం దారి నుంచి నది ఒడ్డునే నడుస్తుంది. పిన్యావ్‌కి సుమారు రెండున్నర గంటలు. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి, ఫెర్రదోజా దగ్గర వంతెన దాటాక నది ఎడమకి మారుతుంది. కొన్ని రైళ్ళకి కిటికీలు తెరుచుకునే పాత స్విస్ బోగీలుంటాయి. రైల్లో తిండి దొరకదు, రైళ్ళు కూడా రోజుకి కొన్నే, తిరుగు రైలు టైము ముందే ఫోటో తీసి పెట్టుకోండి. పిన్యావ్‌లో రెండు రాత్రులుండి, రేవు నుంచి తువా దాకా పోయివచ్చే రెండు గంటల రబేలు ప్రయాణం చేసి, మర్నాడు పొసిన్యుకి రైల్లో వెళ్ళొస్తే మంచి భాగమంతా చూసినట్టే. చూడలేనివి పొసిన్యుకి ఎగువ భాగమూ, లాకులూ. లాకులు కావాలంటే పోర్టో నుంచి రెగ్వాకి ఒక్కరోజు పడవ ఎక్కి, సాయంత్రం రైల్లో వెనక్కి రావచ్చు. ఆ దారిలోనే కారపతేలు వస్తుంది. టికెట్ కొనేముందు పడవ వెళ్ళేది ఎగువకా, దిగువకా అని చూసుకోండి. ఎగువకి వెళ్ళేదే తీసుకోండి, చీకటి గోడల్లోంచి వెలుగులోకి లేచేది అటు వెళ్ళేటప్పుడే.