గచ్చిబౌలా, ఔలూనా?

ఫిన్లాండ్ వాయవ్య తీరాన ఉన్న ఔలూలో ఉద్యోగం వచ్చి, హైదరాబాద్ గచ్చిబౌలి వదిలి వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నారా?

ఖర్చు: అక్కడ జీతం అంకె పెద్దదే, పన్నూ పెద్దదే. గచ్చిబౌలిలో వంటమనిషిని పెట్టుకోవచ్చు. అక్కడ గిన్నెలు మనమే తోముకోవాలి.

ప్రయాణం: ఇక్కడ బయోడైవర్సిటీ కూడలి ట్రాఫిక్‌లోనే సాయంత్రం గడిచిపోతుంది. అక్కడ మంచులోనూ సైకిలెక్కి ఆఫీసుకు వెళ్తారు.

వెలుతురు: అసలు పరీక్ష ఇదే. డిసెంబరు చివర్లో పగలు మూడున్నర గంటలే. ఉదయం వెళ్లేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. జూన్‌లో అర్ధరాత్రీ వెలుతురే. మందపాటి తెరలు లేనిదే నిద్ర పట్టదు. మన ఉక్కపోతే నయమనిపించినా ఆశ్చర్యం లేదు.

ఉద్యోగం పోతే: హైదరాబాద్‌లో పక్క భవనంలోనే మరో కంపెనీ. ఔలూ జనాభా రెండు లక్షల పైచిలుకే. నోకియా, దాని చుట్టూ ఎదిగిన సంస్థలు దాటితే అవకాశాలు పలుచన. ఫిన్నిష్ రాకపోతే మరీను.

వైర్‌లెస్ రంగంలో అనుభవం, చిన్నపిల్లలు ఉంటే ఔలూ మేలు. పెద్దవాళ్ల బాధ్యత ఉన్నా, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేయాల్సి ఉన్నా గచ్చిబౌలే.