చీరాలకు మారిపోయాక: ఉప్పుగాలి, ఉక్కపోత, ఊరి మధ్యలో రైల్వే స్టేషను

హైదరాబాదు వదిలి ఏదైనా చిన్న ఊళ్లో స్థిరపడదామనుకునేవాళ్లు మొదట అడిగేది అద్దె ఎంత అని. రైల్వే స్టేషను ఎంత దూరమో ముందు కనుక్కోమంటాను నేను. చిన్న ఊళ్లలో అద్దె ఎక్కడైనా తక్కువే. అక్కడ దొరకని వాటి కోసం ఊరు దాటి ఎన్నిసార్లు వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ జేబుకూ ఒంటికీ ఎంత బరువు పడుతుంది అన్నదే అసలు ఖర్చు. ఆ ఖర్చు ఏ ఇంటి యజమానీ చెప్పడు, ఆయనకు తెలియదు కూడా.

మేం కూకట్‌పల్లిలో ఫ్లాటు ఖాళీ చేసి చీరాలకు వచ్చింది 2019లో. మావారు అప్పటికే ఉద్యోగ విరమణ చేశారు. నేను ఇంట్లో కూర్చునే రెండు మూడు చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తాను. మాతో మా అత్తగారు ఉంటారు. మాకు ఈ ఊళ్లో చుట్టాలు లేరు, పొలాలు లేవు. కాబట్టి పుట్టిన ఊరి మమకారంతో రాస్తున్నానని ఎవరూ అనుకోనక్కరలేదు.

ముందు మదనపల్లె అనుకున్నాం. ఎత్తు మీద ఉన్న ఊరు, మా అత్తగారికి ఎండ పడదు, అక్కడైతే చల్లగా ఉంటుందని. తీరా చూస్తే మదనపల్లె రోడ్ స్టేషను ఊరికి పన్నెండు కిలోమీటర్ల పైనే దూరం. నూజివీడు మామిడిపండ్ల మీద ఉన్న ఇష్టం కొద్దీ అక్కడికీ వెళ్లి చూశాం. ఆ ఊరి పేరుతో ఉన్న స్టేషను హనుమాన్ జంక్షన్లో ఉంది. నరసాపురంలో స్టేషను ఊళ్లోనే ఉంది, గోదావరి ఉంది, మనసు లాగింది. కాని రైలు మార్గం అక్కడితో ఆఖరు. చీరాల అలా కాదు. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే ప్రధాన మార్గం మీద, విజయవాడకూ గూడూరుకూ మధ్యన, స్టేషను సరిగ్గా ఊరి నడుమ ఉంది. రాత్రి సికింద్రాబాదులో సింహపురి ఎక్కితే తెల్లవారేసరికి ఇక్కడ దిగవచ్చు. పొద్దున పినాకిని అందుకుంటే మధ్యాహ్నానికి చెన్నైలో ఉంటాం. విజయవాడ సుమారు తొంభై కిలోమీటర్లు, ఒంగోలు యాభై, బాపట్ల పదిహేను. అన్నిటికీ రైలు ఉంది. పెద్ద వయసు మనిషిని బస్సులో కుదుపుకుంటూ తీసుకెళ్లడం, రైలులో పడుకోబెట్టి తీసుకెళ్లడం ఒకటి కావు.

ఇక డబ్బు సంగతి. మేం వచ్చినప్పుడు రెండు పడక గదుల ఇల్లు, పెరడుతో సహా, ఎనిమిది వేలకు దొరికింది. ఇప్పుడు పదకొండు వేలు ఇస్తున్నాం. కూకట్‌పల్లిలో ఇరవై వేలకు పైన కట్టి, కిటికీ తెరిస్తే ఎదుటివాళ్ల వంటిల్లు చూసేవాళ్లం. కూరగాయలు, పాలు కొంత తేడా. ఆటో ఖర్చు దాదాపు లేదు, ఎందుకంటే ఏ పనైనా నడకదూరంలోనే. బియ్యం, పప్పు, నూనె ఎక్కడైనా అదే ధర. కరెంటు బిల్లు మాత్రం హైదరాబాదులో కన్నా ఎక్కువ వస్తుంది. అది ఎందుకో చెప్పాలంటే ఇక్కడి వాతావరణం గురించి వివరంగా చెప్పాలి. ఈ ఊరికి రావాలనుకునేవాళ్లు తెలుసుకోవలసింది ప్రధానంగా అదే.

ఉష్ణోగ్రత అంకె చూసి మోసపోవద్దు. ఏప్రిల్‌లో హైదరాబాదులో నలభై ఉన్నప్పుడు ఇక్కడ ముప్ఫై ఆరు ఉంటుంది. ఆ ముప్ఫై ఆరులో చెమట ఆరదు. తువ్వాలు రాత్రి ఆరేస్తే తెల్లారికీ తడిగానే ఉంటుంది. ఉప్పు డబ్బాలో బియ్యపు గింజలు వేసినా ఉప్పు నీరు కారుతుంది. అయితే మధ్యాహ్నం ఒంటిగంట రెండింటి వేళ తూర్పు నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది. అది వచ్చిందంటే సాయంత్రం అరుగు మీద కూర్చోవచ్చు. మే మొదటి సగమంతా ఈ గాలి మీద భరోసాతో గడిచిపోతుంది. మే చివరి వారాల్లో, ఒక్కోసారి జూన్‌లో కూడా, పడమటి గాలి బలపడుతుంది. అది గట్టిగా వీచే రోజున సముద్రపు గాలిని లోపలికి రానివ్వదు. అటువంటి రోజున నలభై మూడు, నలభై నాలుగు దాకా వెళ్తుంది. ఊళ్లోవాళ్లు ఉదయం పదింటికే పడమటి కిటికీలు మూసేస్తారు. మేమూ నేర్చుకున్నాం. ఇల్లు చూసేటప్పుడు తూర్పున కిటికీలు ఉన్నాయా, వాటికి ఎదురుగా మేడలు అడ్డం ఉన్నాయా అన్నది తప్పక చూడండి. తూర్పు గాలి తగలని ఇల్లు రెండు వేలు తక్కువకు దొరికినా ఏసీ బిల్లు ఆ రెండు వేలనూ మింగేస్తుంది.

వాన హైదరాబాదు లెక్కలో పడదు. అక్కడ జులై ఆగస్టుల్లో కురిస్తే ఇక్కడ అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ. తుపాన్లూ ఎక్కువగా ఆ రోజుల్లోనే, ఒక్కోసారి డిసెంబరులోనూ. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఆ రోజు గాలికి మా పెరట్లో మునగచెట్టు మొదలంటా విరిగింది. రెండు రోజులు కరెంటు లేదు. అప్పటి నుంచి నవంబరు వచ్చిందంటే ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు చూసుకోవడం, గ్యాసు సిలిండరు ముందే తెప్పించుకోవడం, అత్తగారి మందులు నెలకు సరిపడా కొని ఉంచడం అలవాటైపోయింది. ఇవి చేసుకోగలిగితే భయపడాల్సింది లేదు. తుపాను అనగానే గుండె దడదడలాడేవాళ్లు మాత్రం తీరప్రాంతం వైపు చూడకపోవడం మంచిది.

ఉప్పుగాలి గురించి నాకెవరూ చెప్పలేదు, నేను చెబుతాను. సముద్రం వాడరేవులో ఉంది, మా ఇంటికి ఆరు కిలోమీటర్లు. అంత దూరంలో ఉన్నా అది ఇంట్లోని ఇనుమునంతా తింటుంది. కిటికీ గ్రిల్లుకు ఏడాదికోసారి రంగు వేయించకపోతే మలుపుల దగ్గర పొరలు పొరలుగా లేస్తుంది, గోరుతో గీకితే ఎర్రటి పొడి రాలుతుంది. తలుపు బందులు కీచుమంటాయి. మిక్సీ కింది స్క్రూలు ఊడదీయాలంటే తల అరిగిపోయి తిరగవు. ఏసీ బయటి యూనిట్‌లో కాయిల్ చిల్లుపడి గ్యాసు పోతే మరమ్మతుకు వచ్చిన అబ్బాయి అన్నాడు: "సముద్రం దూరంగా ఉందని మనం అనుకుంటామండీ అత్తయ్యగారూ, ఆ సంగతి దానికి తెలియదు." అప్పుడు రాగి కాయిల్, పైన పూత ఉన్న రకం పెట్టించాం. అది ఇప్పటికీ బాగుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గొళ్లేలు, అల్యూమినియం కిటికీలు ఉన్న ఇల్లు దొరికితే వెయ్యి ఎక్కువైనా ఇవ్వండి. గోడల అడుగున ఉప్పెక్కి పెచ్చులు ఊడుతున్నాయేమో చూడండి. కొత్తగా సున్నం వేసిన గోడ అయితే మరీ పరీక్షగా చూడండి.

నీళ్ల కథ ఇసుకతో ముడిపడి ఉంది. ఈ నేల ఇసుక నేల. వాననీరు ఇసుకలోకి దిగి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. అందుకే తక్కువ లోతులో ఫిల్టర్ పాయింటు, అంటే ఇసుకలోకి దింపే జల్లెడ గొట్టం, వేస్తే తియ్యటి నీరు, ఇంకా కావాలని లోతుకు దింపితే ఉప్పు నీరు. హైదరాబాదులో బోరు ఎంత లోతైతే అంత గొప్ప అనుకునేవాళ్లకు ఇది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. "మీ బోరు ఎన్ని అడుగులు?" అని యజమానిని అడగండి. వందల్లో చెబితే ఒక గుక్క నోట్లో పోసుకుని చూశాకే మాట్లాడండి. మా ఇంట్లో వాడకానికి ఫిల్టర్ పాయింటు నీరు, తాగడానికి ఇరవై లీటర్ల క్యాను. తలస్నానానికి ఈ నీళ్లు హాయిగా ఉంటాయి.

రొయ్యల చెరువుల పక్కన ఉన్న ఇళ్లు మాత్రం వద్దు. భూమిలో నీరు ఉప్పగా మారుతుంది.

వాడరేవు, రామాపురం వైపు స్థలాలు కొనమని చెప్పే మధ్యవర్తులు రైలు దిగగానే తగులుతారు. శని, ఆదివారాల్లో హైదరాబాదు కార్లు బారులు తీరడం చూపించి ధరలు చెబుతారు. తీరం వెంబడి సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలి) నిబంధనలు ఉన్నాయి, అలల గీత నుంచి ఇంత దూరం దాకా కట్టడాలు కూడదని. దాని మీద అసైన్డ్ భూముల, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూముల, తలనొప్పి. రిజిస్ట్రేషను చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందా లేదా చూసుకోకుండా, ఆ స్థలం మీద అప్పులు, లావాదేవీలు చూపే ఈసీ తీయించకుండా బయానా ఇవ్వకండి. సముద్రం చూడాలనిపిస్తే ఆటోకు డబ్బులు పెట్టుకుని వెళ్లి రావడం అన్నిటికన్నా చౌక. మేం చేసేదీ అదే. పొద్దున్నే వెళ్తే పడవలు వచ్చే వేళకు కవళ్లు, నెత్తళ్లు, అదృష్టం ఉంటే వంజరం, ఒడ్డు మీదే కొనుక్కోవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ చేపల ధర ఆకాశంలో ఉంటుంది, మా వంటింట్లో గోంగూర రాజ్యమేలుతుంది.

మనుషుల గురించి. ఇల్లు చూడడానికి వెళ్లిన ప్రతిచోటా మూడో ప్రశ్న "మీరెవరండీ?" అనే. పేరు కోసం కాదు ఆ ప్రశ్న. జవాబు నచ్చకపోతే "మా అబ్బాయి వస్తానంటున్నాడు" అంటారు. హైదరాబాదులో ఇది లేదని కాదు, అక్కడ కాస్త చాటుగా ఉంటుంది. మాకూ ఒక ఇల్లు అలాగే చేజారింది. మీకూ ఎదురుకావచ్చని ముందే తెలిసి ఉండడం మేలు. ఇల్లు దొరికాక మాత్రం వేరే లోకం. మా ఎడమ పక్క ఇంట్లో మగ్గం ఉంది. ఆ ఇంటావిడ నన్ను మొదటి నెలలోనే వదినగారూ అనడం మొదలుపెట్టింది. పొద్దున ఏడింటికి మగ్గం చప్పుడు మొదలై సాయంత్రం దాకా సాగుతుంది. కొత్తలో లెక్కలు తప్పుతాయేమో అనుకున్నాను. ఇప్పుడు ఆ చప్పుడు ఆగితేనే తల ఎత్తి చూస్తాను. ఆగిందంటే చాలాసార్లు కారణం వాన. గుంట మగ్గం కదా, నేయడానికి కాళ్లు పెట్టుకునే గుంతలో నీరు ఊరుతుంది. అది తోడి, ఆరి, మళ్లీ పడుగు సరిచేసుకునేదాకా కూలి ఉండదు. ఊరు చౌకగా ఉందని మనం సంతోషించేటప్పుడు, ఆ చౌకలో వీళ్ల కూలి ఎంత తక్కువో కూడా కలిసి ఉందని గుర్తుంటుంది. ఇక్కడ నేసే కుప్పడం చీర మాత్రం నేరుగా మగ్గం దగ్గరే కొంటాను, బేరం ఆడను.

ఊరు మారడం గురించి చీరాలకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 1921లో పురపాలక సంఘం పన్నులు కట్టలేమని, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల, పేరాల జనం ఇళ్లు ఖాళీ చేసి బయట రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. జిల్లాలు కూడా ఈ ఊరి మీదుగా మారుతూనే ఉన్నాయి. 1970 దాకా గుంటూరు జిల్లా, ఆ తరువాత ప్రకాశం, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల. ఈ చివరి మార్పు మాలాంటి వాళ్లకు మంచిదే అయింది. కలెక్టరేటు పని పడితే ఒంగోలు దాకా పోనక్కరలేదు.

కాలక్షేపం విషయంలో ఒక్కటే చెబుతాను. పక్కనే వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత పత్రికల కట్టలు తిరగేస్తూ మావారు అక్కడ పూటలకు పూటలు గడిపేస్తారు. తిరిగి వచ్చేటప్పుడు వేటపాలెం జీడిపప్పు తెస్తారు, ముక్కలు అయితే ధర తక్కువ, పాయసానికి ముక్కలే చాలు. సినిమాలు, హోటళ్లు చిన్న ఊరికి తగినట్టు ఉన్నాయి. ఇంటర్నెట్టు నా పనికి సరిపోతోంది, తుపాను రోజులు మినహా.

వైద్యం దగ్గర మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. జ్వరం, బీపీ, కాలు బెణకడం, ఇవన్నీ ఊళ్లోనే చూపించుకోవచ్చు. గుండె, మెదడు, కిడ్నీ అంటే గుంటూరో విజయవాడో వెళ్లాలి. అర్ధరాత్రి అంబులెన్సులో గంటన్నర పైన ప్రయాణం చేయగల స్థితిలో మనిషి ఉంటాడా అన్నది ఎవరింట్లో వాళ్లు ఆలోచించుకోవాలి. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు తప్ప మరేమీ లేవు కనుక మేం ధైర్యం చేశాం. డయాలసిస్ మీద ఉన్నవాళ్లయితే నేనే వద్దని చెప్పేదాన్ని.

ఇంకా తేల్చుకోనివాళ్లకు ఒక పద్ధతి చెబుతాను. సంక్రాంతి సెలవుల్లో వచ్చి ఊరు చూడకండి. జనవరిలో ఈ తీరంలో ఏ ఊరైనా స్వర్గమే. మే ఆఖరి వారంలో ఒకసారి, నవంబరు వానల్లో ఒకసారి వచ్చి, లాడ్జిలో ఏసీ లేని గదిలో రెండు రాత్రులు ఉండండి. పడమటి గాలి రోజు తగిలితే ఇంకా మంచిది. ఆపైన పదకొండు నెలల అద్దె ఒప్పందమే రాయించుకోండి, ఇల్లు కొనే మాట ఏడాది దాకా ఎత్తకండి. హైదరాబాదు నుంచి సామాను తెచ్చుకునేటప్పుడు ఇనప బీరువా అక్కడే అమ్మేసి రండి.