'గ్యారంటీ బెయిల్' సార్‌కి డబ్బు కట్టేముందు ఆగండి, ముఖ్యంగా ఉపా (UAPA, ఉగ్రవాద వ్యతిరేక చట్టం) కేసులవాళ్ళు

ఈ సార్ ఎవరో ఇక్కడ చాలామందికి తెలుసు. రీల్స్‌లో నల్లకోటు వేసుకుని, వెనకాల లా పుస్తకాల అరతో కనిపిస్తాడే, ఆయనే. పేరు రాయను. రాస్తే నా మీద కేసు వేస్తాడు, అదొక్కటి మాత్రం టైముకే వేస్తాడు.

మా చిన్నమ్మ కొడుకు మీద ఎన్‌ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) వాళ్ళ ఉపా కేసు. చంచల్‌గూడ జైల్లో ఉన్నాడు. తప్పు చేశాడో లేదో కోర్టు తేలుస్తుంది, ఆ వాదన ఇక్కడ వద్దు. చిన్నమ్మ నగలు కుదవపెట్టి లక్షన్నర కట్టింది. "20 రోజుల్లో బయటికొస్తడు, లేకుంటే పైసలు వాపస్" అన్నాడు. రసీదులో మాత్రం 'కన్సల్టేషన్' అని ఉంది. బీకాం చదివాను గానీ రసీదు చదవలేదు.

మొదటి పిటిషన్ కొట్టేశారు. కాపీ తెచ్చుకుని చూస్తే అందులో ఉన్నవి ఇవి: పాత కేసులు లేవు, ఊరు వదిలి పారిపోడు, తల్లికి షుగర్. పైన 'బెయిలే నియమం, జైలు మినహాయింపు' అని 1977 నాటి తీర్పు మాట ఒకటి. దొంగతనం కేసుకైతే సరిపోయేదేమో. ఉపాలో ఉగ్రవాద నేరాల సెక్షన్లు పెడితే లెక్క వేరు. 43డి(5) అని ఒకటుంది, ముంబై దాడుల తర్వాత 2008లో చేర్చారు. కేస్ డైరీ, ఛార్జిషీటు చూసి, ఆరోపణ పైకి నిజమేనని నమ్మడానికి తగిన కారణాలున్నాయని జడ్జికి అనిపిస్తే ఇక బెయిల్ ఇవ్వకూడదు. 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా బిగించింది: ఈ దశలో సాక్ష్యాలను లోతుగా తూచొద్దు, ప్రాసిక్యూషన్ కాగితాలను ఉన్నవి ఉన్నట్టే తీసుకోవాలి అని. సార్ పిటిషన్‌లో 43డి(5) అన్న ముక్కే లేదు.

సరే, అది కూడా పోనీ. నా కడుపు మండింది తర్వాత జరిగినదానికి.

ఉపాలో ఛార్జిషీటుకి 90 రోజుల గడువు. ప్రాసిక్యూటర్ రిపోర్టు ఇస్తే కోర్టు దాన్ని 180 దాకా పెంచవచ్చు, మావాడికి పెంచారు. ఆ 180 బుధవారంతో అయిపోయాయి. ఛార్జిషీటు పడలేదు. గురువారం పొద్దున నాంపల్లి కోర్టు బయట ఒక జూనియర్ లాయరక్క నన్ను పక్కకి పిలిచి, "ఇవాళే డిఫాల్ట్ బెయిల్, అంటే గడువులోపు ఛార్జిషీటు వేయనందుకు వచ్చే బెయిల్ అడగండి. దీనికి ఆరోపణ నిజమా కాదా అన్న పరీక్షే లేదు. ఛార్జిషీటు పడేలోపు అడగకపోతే మాత్రం ఆ హక్కు పోతుంది" అంది. నోటిమాటగా అడిగినా చెల్లుతుందని 2017లో సుప్రీంకోర్టు చెప్పిందట. ఒక్క నోటిమాట!

వెంటనే సార్‌కి ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టాడు, పక్కన ఎవరో నవ్వుతున్నారు. "తమ్మీ, సెక్షన్లు నువ్వు చెప్తవా నాకు? లాయర్ నువ్వా, నేనా? షూటింగ్‌ల ఉన్న, సోమవారం చూద్దాం" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే బ్లాక్. జైల్లో కొత్త వకాలత్ మీద సంతకం పెట్టించి ఆ అక్కకి ఇచ్చేలోపు, శుక్రవారం సాయంత్రం ఛార్జిషీటు పడిపోయింది.

సోమవారం ఏమన్నాడో తెలుసా? "చూసినవా, ఛార్జిషీట్ వచ్చేసింది. ఇప్పుడు హైకోర్టుకి పోవాలె, దానికి ఫీజు వేరే." చిన్నమ్మ అక్కడే కూర్చుని ఉంది. ఆమె వైపు చూడను కూడా చూడలేదు. పైగా హైకోర్టులో మామూలు బెయిల్ పిటిషన్ వేస్తాడట. ఎన్‌ఐఏ స్పెషల్ కోర్టు బెయిల్ కాదంటే, ఎన్‌ఐఏ చట్టం సెక్షన్ 21 కింద అప్పీలే వేయాలి, ఇద్దరు జడ్జిల బెంచి వినాలి. గడువు 30 రోజులు, తగిన కారణం చూపిస్తే 90 దాకా. ఇది కూడా ఆ అక్క చెబితేనే తెలిసింది.

ఇప్పుడు ఆమే అప్పీలు రాస్తోంది. విచారణ ఏళ్ళ తరబడి సాగితే ఉపాలోనూ బెయిల్ ఇవ్వొచ్చన్న 2021 సుప్రీంకోర్టు నజీబ్ తీర్పు ఉంది గానీ అందులో మనిషి ఐదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు, ఇంకా 276 మంది సాక్షుల్ని విచారించాల్సి ఉంది. అప్పుడుగానీ సత్వర విచారణ హక్కు 43డి(5)ని దాటలేదు. ఇక 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులోనే ఒక బెంచి ఉపాలో జైలే నియమం అంది, ఆగస్టులో ఇంకో బెంచి ఇక్కడా బెయిలే నియమం అంది. చిన్నమ్మకి ఏది చెప్పమంటారు?

ఎవరికైనా పనికొస్తుందేమోనని: మొదటి రిమాండ్ తేదీ రాసి పెట్టుకోండి, ఆ రోజు కూడా లెక్కలోకే వస్తుంది. గడువు పెంచే పిటిషన్ విచారణకొస్తే ముద్దాయిని కోర్టు ముందు హాజరుపరచారా లేదా అడగండి. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, ప్రకటనలతో కేసులు పట్టడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం, కాబట్టి 'గ్యారంటీ' అనగానే లేచి వచ్చేయండి. జైల్లో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. మాకెవరూ చెప్పలేదు.

ఈ సార్‌కి కట్టినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే రసీదులు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టండి. ఈ వారంలో బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు ఇస్తున్నాను, మీవి కూడా జతచేస్తాను.