మూడు మట్టికుండల కంపోస్టర్: 10 నెలలు వాడాక

మాది రాజమండ్రిలో మూడో అంతస్తు ఫ్లాట్, నలుగురం. ఆన్‌లైన్‌లో 3 వేల పైచిలుకు పోసి వంటింటి చెత్తని ఎరువుగా మార్చే ఈ కుండలు తెప్పిస్తే మా అత్తయ్య గారు, "పెంటకుప్పకి కూడా ఇంత డబ్బా?" అన్నారు. మూత పగిలి వచ్చింది కానీ వారంలో మార్చి ఇచ్చారు.

ఒకదాని మీద ఒకటి మూడు కుండలు. పై రెండింటికీ అడుగు ఉండదు, తాడుతో అల్లిన వల ఉంటుంది. పై కుండ నిండగానే దాన్ని మధ్యకి దించి, ఖాళీది పైన పెట్టాలి. మాకు నిండటానికి దాదాపు 20 రోజులు పడుతుంది.

కుండలతో వచ్చిన కాగితంలో రోజుకో గుప్పెడు కొబ్బరిపొట్టు చాలని రాశారు. నమ్మి అలాగే చేశాను. ఆగస్టు ముసురుకి లోపలంతా జావ. తెల్ల పురుగులు మూత దాకా ఎక్కాయి, పనమ్మాయి బాల్కనీలోకి రానంది. కూరగాయల తొక్కల్లో ఉండేదంతా నీరేగా, గాలి ఆడకపోతే కుళ్లుతుంది. ఇప్పుడు గిన్నెడు తొక్కలకి గిన్నెడు ఎండుటాకులో పొడి పొట్టో వేస్తున్నాను, మూడు రోజులకోసారి కర్రతో కలుపుతాను. వారంలో కంపు పోయింది. చెత్త త్వరగా మగ్గడానికని వాళ్లు విడిగా అమ్మే పొడి దండగ, పుల్లమజ్జిగ చిలకరిస్తే సరిపోతుంది.

అసలు లోపం ఆ తాడు. ఆరు నెలలకే పుచ్చి, సగం మగ్గిన సరుకంతా కింది కుండలో పడింది. ఫోన్ చేస్తే "తాడుకి తడి తగలకుండా చూసుకోండి మేడం" అన్నారు. కంపోస్టు కుండలో! నైలాన్ తాడు కొని నేనే అల్లుకున్నాను.

మొదటి విడత ఎరువు చేతికి రావడానికి మూడు నెలలు దాటింది. జల్లించితే కాఫీపొడి రంగులో, పొడిపొడిగా ఉంది. జల్లెడలో మిగిలినవి: కొబ్బరి పీచు, చెక్కుచెదరని యాపిల్ స్టిక్కర్లు, ఎప్పుడో పోయిందనుకున్న స్టీలు చెంచా. మొన్న ఆవకాయ కాయల జీళ్లు వేశాను, అవింకా అలాగే ఉన్నాయి. కడియం నుంచి తెచ్చిన గులాబీకి రెండు వంతుల మట్టిలో ఒక వంతు ఈ ఎరువు కలిపి పెట్టాను, కొత్త చిగుళ్లు వేసింది.

బాల్కనీలో వానజల్లు కొట్టని మూల ఉంటేనే కొనండి. వచ్చిన రోజే తాడు మార్చేయండి. ఎండుటాకులు మాత్రం ఇప్పటినుంచే బస్తాకి ఎత్తి పెట్టుకోండి, ముసురు పట్టాక ఎక్కడా దొరకవు.