క్లిక్కర్‌తో పాటు నా స్లైడ్లూ మారాయి

ఆరు నెలలుగా ఈ వైర్‌లెస్ ప్రెజెంటర్, అంటే దూరం నుంచే స్లైడ్లు మార్చే చిన్న రిమోట్ వాడుతున్నాను. మేం క్లిక్కర్ అనే అంటాం. వారానికి రెండు ట్రైనింగ్ క్లాసులు చెబుతాను. ఇంతకుముందు స్లైడ్ మార్చాలంటే ప్రతిసారీ ల్యాప్‌టాప్ దగ్గరికి నడిచేదాన్ని. ఇప్పుడు చివరి వరుస దాకా వెళ్లి, అక్కడి వాళ్లతో కూడా మాట్లాడగలుగుతున్నాను.

సెట్టింగుల గొడవ లేదు. అడుగున ఉన్న చిన్న రిసీవర్ తీసి యూఎస్‌బీలో పెడితే కంప్యూటర్ దాన్ని కీబోర్డ్ అనుకుంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది తెరని నల్లగా చేసే బటన్. పవర్‌పాయింట్‌లో 'బి' కీ చేసే పనే అది. మొన్న ఒకమ్మాయి మంచి ప్రశ్న అడిగింది. బటన్ నొక్కాను. గ్రాఫ్ మాయమైంది, 30 మందీ ఒక్కసారిగా మా ఇద్దరి వైపు తిరిగారు. ఆ తర్వాత జరిగిన పది నిమిషాల చర్చే ఆరోజు అసలు క్లాసు.

చూపించడానికి క్లిక్కర్‌లో ఉన్న లేజర్ చుక్క ప్రొజెక్టర్ తెర మీద బాగుంది కానీ, ఎల్‌ఈడీ టీవీ మీద దాదాపు కనిపించదు. అందుకే చూపించాల్సిన అంకెకి స్లైడ్‌లోనే రంగు వేసి, మిగతావన్నీ బూడిద రంగులో ఉంచుతున్నాను. ఇప్పుడు చుక్క అవసరమే రావడం లేదు.

ఏ కంపెనీది కొన్నా సరే, ఆ నల్ల తెర బటన్ ఉందో లేదో చూసి తీసుకోండి.