షుగరుకు ఏది మేలు: నూనె చుక్కలా, సూదిమందా, కంటినిండా నిద్రా?

మొన్న ఆదివారం ముమ్మిడివరం దగ్గర మా మావయ్య ఇంటికి వెళ్లేసరికి గ్లూకోమీటరు పక్కన ఒక కొత్త సీసా కనిపించింది. బొటనవేలంత సీసా, మూతకే రబ్బరు డ్రాపరు, లేబుల్ మీద ఏడు రెక్కల పచ్చటి గంజాయి ఆకు, కింద సీబీడీ నూనె అని రాత. "నాలిక కింద రెండు చుక్కలు ఏసుకుంటే షుగరు కంట్రోల్లోకి వత్తాదంటరా. నువ్వు జువాలజీ చెప్తావు కదా, నిజమేనా?" అని అడిగాడు. రొయ్యల మేత తెచ్చే కుర్రాడు ఇచ్చాడట. సీసా రెండున్నర వేలు.

ఇంటర్ పిల్లలకు ఏటా ఇన్సులిన్ తయారుచేసే క్లోమం బొమ్మ గీసి చూపిస్తాను. ఆ పాఠంలో ఈ సంగతి ఉండదు. అలాగని మావయ్య అడిగింది కొట్టిపారేసే మాట కూడా కాదు. గంజాయి మొక్కకూ మన క్లోమానికీ నిజంగానే సంబంధం ఉంది. అది ఎటువైపు పనిచేస్తుందో తెలిస్తే ఏది మేలో చాలావరకు తేలిపోతుంది.

గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌లో రఫేల్ మెషూలమ్, ఆయన తోటి శాస్త్రవేత్త విడదీశారు. అది మన ఒంట్లో ఎక్కడ అంటుకుంటుందో 1990 నాటికి దొరికింది. కణం మీద సంకేతాన్ని అందుకునే అలాంటి చోటును గ్రాహకం అంటారు. దీనికి సీబీ1 అని పేరు పెట్టారు. మరి ఎక్కడో పెరిగే మొక్క కోసం మన ఒంట్లో తాళం ఎందుకుంటుంది? అంటే దానికి సరిపడే తాళంచెవి మన శరీరమే తయారు చేసుకుంటూ ఉండాలి. 1992లో అదీ దొరికింది. మన 'ఆనందం' అనే మాటనే తీసుకుని దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. 1995లో 2-ఏజీ అనే మరొకటి బయటపడింది. వీటినే ఎండోకన్నబినాయిడ్లు అంటారు. మనం తినే కొవ్వులోంచే, అప్పటికప్పుడు, ఎక్కడ కావాలంటే అక్కడ పుడతాయి.

సీబీ1 మెదడులో ఎక్కువగా ఉంటుంది. కాలేయంలో, కొవ్వులో, కండరంలో, క్లోమంలో ఇన్సులిన్ పుట్టే కణాల గుంపుల్లో, అంటే లాంగర్‌హాన్స్ పుటికల్లో కూడా ఉంటుంది. దాని పని ఒక్క మాటలో చెప్పాలంటే, దొరికినప్పుడు తిని దాచుకోమనడం. కరువు కాలంలో అది ప్రాణం నిలబెట్టింది. పొట్ట పెరిగిన మనిషిలో మాత్రం ఆ సంకేతం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఆకలి తగ్గదు, కాలేయం కొత్తగా కొవ్వు కడుతూ పోతుంది. క్లోమంలో జరిగేది నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి. మధుమేహం ఉన్న ఒక జాతి ఎలుకల మీద 2013లో వచ్చిన పరిశోధనలో, పుటికల్లోకి చొరబడిన మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు ఈ సీబీ1 ద్వారానే రెచ్చిపోయి మంట పుట్టించాయని, ఇన్సులిన్ ఇచ్చే బీటా కణాలు ఆ మంటకే చచ్చిపోయాయని తేలింది. ఆ గ్రాహకాన్ని అడ్డుకుంటే కణాలు బతికాయి.

మన వైపు వాళ్లకు చేను భాషలో చెబితే తొందరగా ఎక్కుతుంది. వరికి నీళ్లు కావాలి. కానీ మురుగు తీయని చేలో నెలల తరబడి నీళ్లు నిలబడితే వేరు కుళ్లిపోతుంది. లావైన ఒంట్లో ఈ వ్యవస్థ అలా నీళ్లు నిలిచిన చేను. అందులోకి ఇంకా నీళ్లు పెట్టకూడదు, తీయాలి.

ఇప్పుడు మావయ్య సీసా. అందులో టీహెచ్‌సీ ఉంటే అది సీబీ1ను ఇంకా తట్టి లేపుతుంది, అంటే నిండిన చేలోకి మళ్లీ నీళ్లు పెట్టినట్టే. లేబుల్ మీద రాసినట్టు గంజాయిలోనే ఉండే, మత్తెక్కించని సీబీడీ మాత్రమే ఉంటే సీబీ1ను పెద్దగా ముట్టుకోదు. 2016లో 62 మంది టైప్-2 మధుమేహ రోగులకు 13 వారాలు ఇచ్చి చూశారు, సీబీడీ వల్ల షుగరు తగ్గలేదు. అదే ప్రయోగంలో టీహెచ్‌సీవీ అనే మరో పదార్థం పరగడుపు షుగరును కొంత తగ్గించింది. తక్కువ మోతాదులో అది సీబీ1ను అడ్డుకునే రకం. అమ్మేవాళ్లు ఇంకో లెక్క చూపిస్తారు: అమెరికాలో గంజాయి వాడేవాళ్లలో పరగడుపు ఇన్సులిన్ 16 శాతం తక్కువగా ఉందని 2013లో వచ్చింది. ఇన్సులిన్ బాగా పనిచేసే ఒంటికి అది తక్కువే చాలు కనుక ఇది మంచి గుర్తే అంటారు. వచ్చిన మాట నిజమే. కానీ అది జనాన్ని అడిగి, రక్తం తీసి, ఒక్కసారి చూసిన సర్వే. ఎవరికీ మందుగా ఇచ్చి చూసింది కాదు. దాన్ని పట్టుకుని రోజూ వేసుకునే షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ మానేస్తే నష్టపోయేది మనం. పైగా మత్తుపదార్థాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి దగ్గరుంటే కేసు. ఆకుతో చేసిన మందులు 'విజయ' పేరుతో ఆయుర్వేద లైసెన్సు మీద దొరుకుతాయి. కానీ మేత బస్తాలతో పాటు బిల్లు లేకుండా వచ్చిన సీసాలో ఏముందో చెప్పేవాడెవరు?

మరి సీబీ1ను అడ్డుకునే మాత్ర ఉంటే వేసుకోవచ్చు కదా? ఉండేది. రిమోనబంట్ అనే మాత్రకు 2006లో యూరప్‌లో అనుమతి దొరికింది. బరువు తగ్గింది, నడుం కొలత తగ్గింది, షుగరూ తగ్గింది. కానీ అది మెదడులోకి కూడా వెళ్లింది. దిగులు, ఆందోళన, చచ్చిపోవాలనే ఆలోచనలు వచ్చాయి. అమెరికా అసలు అనుమతే ఇవ్వలేదు. 2008లో యూరప్‌లో అమ్మకం ఆపేశారు, తర్వాత మన దేశమూ నిషేధించింది. మా ఊరి కాలువలో మురుగు తీయడానికని పైన బ్యారేజీ దగ్గరే తలుపులన్నీ దించేస్తే కోనసీమంతా ఎండిపోతుంది. ఆ మందు చేసింది అదే. ఇప్పుడు పిల్లకాలువ లాకు మాత్రమే మూసే మందుల కోసం, అంటే మెదడులోకి పెద్దగా వెళ్లని వాటి కోసం వెతుకుతున్నారు. మోన్లునబంట్ అనే దాంతో 16 వారాల్లో 7.1 కిలోలు తగ్గారని 2024లో చెప్పారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లు తగ్గింది 0.7 కిలోలు. అయినా మోతాదు పెరిగేకొద్దీ ఆందోళన, చిరాకు, నిద్రలేమి కనిపించాయి. దారి సరైనదే అనిపిస్తుంది, మందు మాత్రం ఇంకా మన చేతికి రాలేదు.

చేతిలో ఉన్నవి సెమగ్లుటైడ్, టిర్జెపటైడ్ సూదిమందులు. టిర్జెపటైడ్ 2025 మార్చిలో మౌంజారో పేరుతో మన దేశానికి వచ్చింది. ఇవి సీబీ1 జోలికి పోవు, వాటిది వేరే దారి. రక్తంలో షుగరు పెరిగినప్పుడే ఇన్సులిన్ ఇమ్మని బీటా కణానికి చెబుతాయి, ఆకలి తగ్గిస్తాయి. వేలమంది మీద ఏళ్ల తరబడి పరీక్షించినవి. వికారం, వాంతులు మామూలే. ఇదివరకు క్లోమం వాచిన వాళ్లు డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పాలి. మందుల్లో ఎంచుకోమంటే సీసా కన్నా నేను దీనికే ఓటేస్తాను. ఖర్చు బరువే, కానీ డాక్టరు చూసి ఇచ్చేది.

మావయ్య విషయంలో మాత్రం నా కన్ను వేరే చోట పడింది. వనామీ రొయ్యల చెరువు ఆయనకు రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి, ఆ టెన్షన్‌తో ఆయన నిద్రపోడు. గట్టు మీద షెడ్డులో మంచం పక్కన స్టీలు డబ్బా, దాని నిండా జంతికలు, తాపేశ్వరం కాజాలు. రెండింటికి ఒకటి, మూడింటికి ఒకటి. షికాగోలో 14 మంది ఆరోగ్యవంతులను నాలుగు రాత్రులు నాలుగున్నర గంటలే పడుకోనిచ్చి చూస్తే, వాళ్ల రక్తంలో 2-ఏజీ బాగా పెరిగి మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా దిగలేదు. కడుపు నిండినా చిరుతిండి ఆపుకోలేకపోయారు. ఇది 2016 నాటి సంగతి. చదివినప్పుడు నాకు మావయ్య స్టీలు డబ్బాయే గుర్తొచ్చింది. అది ఆయన నాలుక యావ ఒక్కటే కాదు, నిద్ర లేని ఒంట్లో మోగుతున్న గంట.

ఆ గంటను మందు లేకుండానే తగ్గించవచ్చనడానికీ ఆధారం ఉంది. పొట్ట పెరిగిన 49 మంది మగవాళ్లు ఏడాదిపాటు తిండి సరిచేసుకుని, వ్యాయామం చేస్తే రక్తంలో 2-ఏజీ సగానికి పైగా పడిపోయింది. నూనె గురించి కూడా ఒక మాట. 2-ఏజీ పుట్టేది ఒమేగా-6 కొవ్వు నుంచి, పొద్దుతిరుగుడు నూనె నిండా ఉండేది దాని మూలపదార్థమే. ఎలుకల్లో అది ఎక్కువైతే 2-ఏజీ పెరిగి బరువెక్కాయి. మనుషులకు అంత గట్టిగా చెప్పలేను గానీ, సముద్రపు కవళ్లు పులుసు పెట్టుకుంటే ఒమేగా-3 దక్కుతుంది. చవక కూడా. వేయించొద్దని అత్తయ్యకు చెప్పాను.

సీసా తిరిగి ఇచ్చేయమన్నాను. మావయ్య కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి, "డబ్బులు ఎనక్కిత్తాడంటావా?" అన్నాడు. వారానికి నాలుగు రాత్రులు చెరువు మీద పక్క చెరువు రైతుతో వంతులు వేసుకుంటానన్నాడు. కరెంటు పోగానే ఫోను మోగే అలారం పెట్టించడానికి వాళ్లబ్బాయి ఒప్పుకున్నాడు. మెట్‌ఫార్మిన్ మానడం లేదు. వచ్చే బుధవారం అమలాపురంలో డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళుతున్నాం. సూదిమందు ఆయనకు పనికొస్తుందా లేదా అడగాలి. మావయ్య షుగరు రాసుకునే పుస్తకంలో ఆదివారం పరగడుపు 186 అని రాసి ఉంది. దాని కింద తేదీలు వేసి గడులు గీసి వచ్చాను.